ఆదివారం మంట

ఆ ఊళ్లో చర్చి ముందు పుట్టింది, ఊరు తర్వాత పుట్టింది. ఈ మాట చెబితే బయటివాళ్లు నవ్వుతారు గానీ నిజం అదే. ఏటి ఒడ్డున మంచి బంకమన్ను ఉందని ఎవరో వచ్చి పెంకుల బట్టీ పెట్టారు. మన్ను తవ్వేవాళ్లు, తొక్కేవాళ్లు, అచ్చు తీసేవాళ్లు, కాల్చేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పిల్లాజెల్లాతో వచ్చి రెల్లు గుడిసెలు వేసుకున్నారు. వాళ్లలో కొన్ని కుటుంబాలు ఆదివారం ఒకచోట చేరి కీర్తనలు పాడుకునేవి. ఎండకు మాడి, వానకు తడిసి, ఇక ఇలా లాభం లేదని అందరూ కలిసి మిట్ట మీద నాలుగు గోడలు లేపారు. ఆ గోడల మీదికి పెంకు వాళ్లే కాల్చుకున్నారు. చర్చి పక్కన బడి వచ్చింది. బడికి వచ్చే పిల్లల కోసం కొట్టు వచ్చింది. కొట్టుకు సరుకు రావాలి గనక రోడ్డు వచ్చింది. రోడ్డు వచ్చాక ఇక అడిగేదేముంది, పోలీస్‌స్టేషన్‌తో సహా అన్నీ వచ్చాయి.

ఇదంతా పంతులమ్మ రాసిన చరిత్రలో మొదటి పేజీ.

పంతులమ్మ అంటే ఆ ఊరి బడిలో చెప్పే టీచరు. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషి. ఆమె పరీక్ష పాసైన ఆదివారం సంఘమంతా లేచి నిలబడి ప్రార్థన చేసింది. ఆ రోజు నుంచి ఆమెకు సొంత పేరు పోయింది. ఉత్తరం రాయాలన్నా పంతులమ్మే, మందు సీసా మీద ఏముందో చదవాలన్నా పంతులమ్మే. అందుకే చర్చికి నూరేళ్లు నిండుతున్నాయనగానే పాస్టరుగారు ఇంటికొచ్చి, "చరిత్ర నువ్వే రాయాలమ్మా, ఆ రోజు నువ్వే చదవాలి" అన్నారు. పక్కనే ఉన్న వాళ్ల నాన్న గొంతు సవరించుకుని గోడ వైపు చూశాడు. సంతోషమేస్తే ఆయన అలాగే చేస్తాడు. ఆయన సంఘ పెద్ద. ఆయన తండ్రి సంఘ పెద్ద, ఆ తండ్రికి తండ్రి కూడా సంఘ పెద్దే. ఆయనకు బజార్లో పెంకులు, సిమెంటు, మేకులు అమ్మే కొట్టు ఉంది.

నూరేళ్ల ఆరాధన ఆదివారం. సోమవారం పొద్దున పాత పెంకు దించేస్తారు. పైన స్లాబు వేస్తారు. అంటే పెంకు కింద కూర్చుని పాడటం ఆ ఆదివారంతో సరి.

పండక్కి ముందు వారం ఆడవాళ్లంతా కలిసి చర్చి కడిగారు. పంతులమ్మ కూడా కొంగు బిగించి దిగింది. గోడలకు పట్టిన బూజు దులిపారు, కిటికీ అద్దాలు తుడిచారు, బెంచీలన్నీ బయటికి లాగి సబ్బునీళ్లతో రుద్దారు. ఒక్క బెంచీని మాత్రం ఎవరూ కదపలేదు. కుడివైపు కిటికీ పక్కన, ముందు నుంచి మూడో వరసలో ఉంటుందది. మిగతావాటికంటే పొట్టిది, మందపాటి చెక్క. దాని మీద ఎవరూ కూర్చోరు. చర్చి కిటకిటలాడి జనం మెట్ల మీద నిలబడ్డా సరే, ఆ బెంచీ ఖాళీగానే ఉంటుంది. దాని మీద ఎప్పుడూ ఒక పూలకుండీ ఉంటుంది. పెళ్లికూతుళ్లు లోపలికొస్తూ దాన్ని తాకుతారు. పరీక్షలప్పుడు పిల్లలు దాని కింద పెన్నులు పెట్టి తీసుకెళ్తారు. అందరూ దాన్ని దేవుడి బెంచీ అంటారు.

బట్టలు కుట్టే మిషనత్త దాన్ని మెత్తటి గుడ్డతో చంటిబిడ్డకు ఒళ్లు తుడిచినట్టు తుడుస్తోంది.

"అత్తా, దీన్ని దేవుడి బెంచీ అని ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగింది పంతులమ్మ. "చరిత్రలో రాయాలి కదా."

"ఎవరేంటే, దేవుడే. ఆయన ఆరాధనకొస్తే కూర్చోవద్దూ?"

"ఆయన ప్రసంగ వేదిక మీద కూర్చోడా మరి?"

"పాస్టరుగారి ప్రసంగం ఎదురుగా కూర్చుని వినాలంటే కాస్త దూరంగా, కిటికీ పక్కన అయితేనే మంచిది. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు."

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. పంతులమ్మ కూడా నవ్వింది. కానీ ఒక్కరికీ సంగతి తెలియదు. ఒకామె మొదటి పాస్టరు అక్కడ కూర్చుని ప్రాణం విడిచాడంది. ఇంకొకామె వరదొచ్చినప్పుడు ఆ బెంచీ ఒక్కటే తడవలేదంది. ఇన్ని రకాలుగా చెబుతున్నారంటే అసలు సంగతి ఇంకేదో ఉండి ఉంటుందని పంతులమ్మకు అనిపించింది.

మధ్యాహ్నం ఇంటికెళ్లేసరికి నాన్నమ్మ పెరటి వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కళ్లు బాగానే పనిచేస్తాయి, చెవులే మొరాయించాయి. అందుకని తన మాట తనకు వినపడాలని ఊరంతటికీ వినపడేలా మాట్లాడుతుంది.

"నాన్నమ్మా, దేవుడి బెంచీ సంగతేంటి?"

"ఏ బెంచీ?"

"దేవుడి బెంచీ! చర్చిలో!"

"దేవుడి బెంచీనా!" నాన్నమ్మ చేట పక్కన పెట్టింది. "నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో దాన్నెవరూ అలా అనేవాళ్లు కాదు. వెలి బెంచీ అనేవాళ్లు. పిల్లలెవరైనా దాని మీద కూర్చోబోతే మా మామగారు వీపు మీద రెండు తగిలించేవాడు."

పంతులమ్మ నాన్నమ్మ పక్కన చతికిలబడింది. "ఎవర్ని వెలేశారు?"

"బట్టీవాణ్ణి. ఇప్పుడు కిటికీ బయట కూర్చుంటాడు చూడు, వాడి తాతని."

నాన్నమ్మ చెప్పుకుంటూ పోయింది. కోడలిగా వచ్చినప్పుడు అత్తగారి నోట విన్న సంగతి. చర్చి గోడలు లేచాక పెంకు కాల్చడం మొదలైంది. బట్టీ ఒకసారి అంటిస్తే పెంకు కాలి దిగేదాకా మంట ఆరకూడదు. మధ్యలో ఆరిందా, లోపలున్నదంతా పగుళ్లిచ్చి పిండైపోతుంది. పగలూ రాత్రీ వంతులేసుకుని కట్టెలు ఎగదోశారు. అంతలో ఆదివారం వచ్చింది. ఆదివారం పని చెయ్యకూడదని సంఘం కట్టుబాటు. అందరూ అటూ ఇటూ చూసుకున్నారు. అప్పుడు నాన్నమ్మ మామగారు, అంటే పంతులమ్మ ముత్తాత, బట్టీ కాల్చే అతని దగ్గరికి వెళ్లి, "ఈ ఒక్క పూట నువ్వు చూస్కో, నీ కోసం కూడా మేం ప్రార్థన చేస్తాం" అన్నాడు. అతను సరేనన్నాడు. ఆ ఒక్క పూట ఆ తర్వాత ప్రతి ఆదివారం అయింది. పెంకు మీదికెక్కేదాకా ఆదివారం మంట అతనిదే.

"పెంకు చాలావరకు ఎక్కి, చివరి బట్టీ ఇంకా కాలుతుండగా చర్చి మిషన్ వాళ్లు ఓ పెద్ద పాస్టరుని పంపారు. మహా నిష్ఠగల మనిషట. మొదటి ఆదివారం మిట్ట మీద నిలబడి చూస్తే ఏటి ఒడ్డున పొగ. ప్రభువు దినాన పొగేంటి, ఎవడు వాడు అని అడిగాడట. ఎవరైనా నోరు విప్పితే ఒట్టు. మా మామగారే లేచి అతని పేరు చెప్పాడు. తను పురమాయించిన సంగతి చెప్పలేదు."

"మరి అతను చెప్పలేదా?"

"ఏం చెబుతాడే? తప్పు ఒప్పుకుని ఇక ఆదివారం మంట ముట్టనని అందరి ముందూ అనమన్నారు. అతనేమో, మంట ఆపితే పెంకు పోతుంది గదండీ, మీ నెత్తి మీద ఉన్నది ఆ పెంకే గదా అన్నాడట. బెంచీ మీంచి లేపి పంపేశారు. ఆ బెంచీ అతను తన చేత్తో చేసుకున్నది. అతను తిరిగొచ్చి తప్పయిందనేదాకా ఎవరూ దాని మీద కూర్చోవద్దని మాటనుకున్నారు."

"వచ్చాడా?"

"వచ్చాడు. కిటికీ దాకా. నేను కొత్త కోడల్ని అప్పుడు. తెల్లటి మీసాలు, కాలిన చేతులు. బయట గోడకి చేరగిలబడి కీర్తనలన్నీ పాడేవాడు. లోపలున్న మాకంటే బాగా పాడేవాడు." నాన్నమ్మ మళ్లీ చేట అందుకుంది. "నేనొక ఆదివారం మంచినీళ్లు ఇద్దామని లేచాను. మా మామగారు ఒక్క చూపు చూశాడు. కూర్చున్నాను."

తర్వాత చాలాసేపు రాళ్లు ఏరుతూనే ఉంది. ఆ చేటలో రాళ్లు ఎప్పుడో అయిపోయాయి.

మర్నాడు బడి వదిలాక పంతులమ్మ ఏటి ఒడ్డుకు వెళ్లింది. పెద్ద బట్టీలన్నీ మూతపడి పిచ్చిమొక్కలు మొలిచాయి. ఒక్క చిన్న బట్టీలో మాత్రం తోటలవాళ్లకు కుండీలు, కుంపట్లు కాలుతుంటాయి. దాన్ని చూసుకునేది బట్టీ తాత. అతని పేరు ఊళ్లో చాలామందికి తెలియదు. మూడు తరాలుగా వాళ్లది అదే పని. ఆదివారం ఆరాధనకు చర్చి కిటికీ బయట పగిలిన పెంకుల కుప్ప మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంటాడు. లోపల ఉక్కపోస్తుందని బయట కూర్చుంటాడని అందరూ అనుకుంటారు. పంతులమ్మ కూడా ఇన్నాళ్లూ అలాగే అనుకుంది.

"రా తల్లీ, రా. అక్కడ కాదు, ఇటు కూర్చో. అటు పొగొస్తుంది." తాత పీట తుడిచి వేశాడు. "ఏంటి, పంతులమ్మ మా బడికొచ్చింది?"

ఆమె ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "తాతా, మీరు లోపలికి ఎందుకు రారు?" అని అడిగేసింది.

తాత ఒక కట్టెను కాస్త వెనక్కి లాగాడు. మంట ఎరుపు తగ్గి పసుపులోకి వచ్చింది.

"మా తాతని లేపి పంపారమ్మా. లేపినవాళ్లు కూర్చోమనాలి. నా అంతట నేనొచ్చి కూర్చుంటే బాగుంటుందా?"

"ఎవరైనా రావద్దన్నారా?"

"అబ్బే, ఎవరూ అనలేదు. మీ నాన్నగారైతే ఎప్పుడు కనపడ్డా బాగున్నావా అని అడుగుతారు. మంచి మనిషి." నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు ఏమీ లేదు. "మా నాన్న పోయేముందు ఆ పెంకు కింద ఒక్కసారి కూర్చుంటే బాగుండురా అన్నాడు. ఆయనకి కుదర్లేదు. నాకూ అదే ఉంది మనసులో. సోమవారం దించేస్తారంట గదా?"

"అవును."

"దించితే ఇక కూర్చున్నా ఒకటే, కూర్చోకపోయినా ఒకటే. స్లాబు మా తాత కాల్చలేదు గదా." నవ్వాడు. పంతులమ్మకు నవ్వు రాలేదు.

"ఆదివారం మిమ్మల్ని పిలవమని చెబుతాను తాతా. అందరి ముందూ పిలవమని చెబుతాను."

"ఆదివారమా? ఆ రోజు నాకు తీరదే తల్లీ. మీ నాన్నగారు మొన్ననే చెప్పి వెళ్లారు. ఊరందరికీ భోజనాలు గదా, చర్చి వెనకాల పొయ్యిలు పెడుతున్నారు. వంటవాళ్లు పొద్దున్నే అన్నీ ఎక్కించి ఆరాధనకి లోపలికెళ్తారంట. పొయ్యిల దగ్గర మంట చూడ్డానికి నన్ను ఉండమన్నారు. మంట సంగతి తెలిసినవాళ్లు కావాలి గదా. మీరంతా లోపలుంటారు."

పంతులమ్మ లేచి నిలబడింది. ఆమెకు ముఖమంతా వేడెక్కింది. పొగ అటు వైపే పోతోంది, ఇటు రావడం లేదు.

ఆ సాయంత్రం పాస్టరుగారు చరిత్ర వినడానికి ఇంటికొచ్చారు. పంతులమ్మ తను కొత్తగా రాసినదంతా చదివింది. ముత్తాత ప్రస్తావన కూడా వదల్లేదు. చదవడం అయ్యాక పాస్టరుగారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు.

"ఇది ఎవరు చెప్పారు?" అన్నాడు నాన్న.

"నాన్నమ్మ."

"నాన్నమ్మకి పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు."

"అది గుర్తుండదు నాన్నా. ఇది ఉంది."

నాన్న లేచి గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "నిన్ను చదివించింది ఎందుకు? పై ఊళ్ల నుంచి వచ్చే పెద్దల ముందు మా తాతని బజారుకీడ్చడానికా? ఆయన లేకపోతే ఈ చర్చి లేదు. మిట్ట మీదికి రాళ్లు భుజాన మోసిన మనిషి ఆయన."

"మోశాడు, అది కూడా రాశాను. ఆ బట్టీ అతను లేకపోతే కప్పు లేదు. అది రాయొద్దా?"

"పెద్దాయన పోయి ఎన్నేళ్లయింది! ఇప్పుడు జవాబు చెప్పుకోవడానికి లేడు కదా. పోయినవాళ్ల మీద నింద వెయ్యడం ఏం చదువు?"

ఈ మాటలో కొంత న్యాయం ఉంది. పంతులమ్మ పాస్టరుగారి వైపు చూసింది.

పాస్టరుగారు చెడ్డ మనిషి కాదు. వచ్చి రెండో ఏడు. అందరినీ నొప్పించకుండా నెట్టుకురావాలని చూసే మనిషి. "అమ్మా, నువ్వు రాసింది అబద్ధమని నేననను. కానీ పండగ పూట... చూడు, ఇలా రాద్దాం. 'ఆ తొలినాళ్లలో సంఘం కొన్ని కష్టాలను, మనస్పర్థలను ఎదుర్కొని దేవుని కృప వలన నిలబడింది.' ఏం, బాగుంది కదా? అందులో అన్నీ వచ్చేస్తాయి."

"కనీసం ఆ తాతని ఆ బెంచీ మీద కూర్చోబెట్టండి. నేనేమీ చదవను, ఆయన్ని పిలవండి చాలు."

"దేవుడి బెంచీ మీదా?" పాస్టరుగారు గాభరాపడ్డారు. "జనం ఏమంటారు?"

"పొయ్యిలు ఎవరు చూస్తారు?" అన్నాడు నాన్న.

ఆయన మామూలుగానే అడిగాడు. తనేం అడిగాడో ఆయనకు తెలియలేదు. పంతులమ్మ మాత్రం విన్నది. ముత్తాత గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు గానీ ఇలాగే ఉండేదేమో అనుకుంది. ఆమె పుట్టి బుద్ధెరిగాక నాన్నకు ఎదురు చెప్పింది ఆ సాయంత్రమే, అదీ రెండు మాటలు. మూడో మాట రాలేదు. కాగితాలు తీసుకుని గదిలోకి వెళ్లి ఆ భాగం కొట్టేసి, పాస్టరుగారు చెప్పిన వాక్యం చెప్పినట్టే రాసింది. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా, అందంగా వచ్చింది. అది చూస్తే ఆమెకే కోపమొచ్చింది.

ఆదివారం వచ్చింది. చర్చి నిండా మనుషులే. కొత్త చీరలు, గంజి పెట్టిన చొక్కాలు, ఏడ్చే పిల్లలు. పై ఊళ్ల నుంచి వచ్చిన పెద్దలకు ముందు వరసలో కుర్చీలు వేశారు. చోటు చాలక జనం గోడల వెంబడి నిలబడ్డారు. దేవుడి బెంచీ మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఈసారి పెద్ద పూలకుండీ పెట్టారు. కిటికీ బయట పెంకుల కుప్ప మీద గోనెసంచి లేదు.

పాటలయ్యాయి, ప్రార్థనయింది. పాస్టరుగారు పంతులమ్మను పిలిచారు. తెల్ల చీరలో ఆమె ముందుకొచ్చి నిలబడి కాగితాలు విప్పింది. మొదటి పేజీ చదువుతుంటే జనం మురిసిపోయారు. ఏరు, బంకమన్ను, రెల్లు గుడిసెలు, మిట్ట మీదికి మోసిన రాళ్లు. ముత్తాత ప్రస్తావన వచ్చినప్పుడు అందరూ నాన్న వైపు తిరిగి చూశారు. నాన్న గొంతు సవరించుకుని గోడ వైపు చూశాడు.

"ఆ తొలినాళ్లలో సంఘం కొన్ని కష్టాలను, మనస్పర్థలను ఎదుర్కొని..." అని చదువుతుండగా గాలి మళ్లింది. కుడివైపు కిటికీలోంచి కట్టెల పొగ లోపలికొచ్చింది. కిటికీ పక్కనున్నవాళ్లు దగ్గారు. మిషనత్త పమిట చెంగుతో విసురుకుంటూ, "ఆ ముసలాయన మంట సరిగ్గా చూస్తున్నాడో లేదో, ఎవరైనా కిటికీ మూయండర్రా" అంది.

ఎవరో లేచి కిటికీ రెక్క మీద చెయ్యి వేశారు.

"మూయొద్దు" అంది పంతులమ్మ.

కాగితాలు మడిచింది. తర్వాత మాట్లాడినది ఆమె ఎక్కడా రాసుకోలేదు. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది. మన నెత్తి మీదున్న పెంకు ఆదివారాలు కాలిందని, ఆ మంట చూసిన మనిషిని ఆదివారం పని చేశాడని లేపి పంపామని, పని చెప్పింది మా ముత్తాతేనని, పేరు చెప్పిందీ ఆయనేనని. మీరు పూలు పెట్టి మొక్కుతున్న బెంచీ అతనిదని. అతని మనవడు ఇప్పుడు కూడా వెనకాల మన పొయ్యిల దగ్గరే ఉన్నాడని. అంతే చెప్పింది. ఎక్కువ లేదు. నాన్న వైపు మాత్రం చూడలేకపోయింది.

పాస్టరుగారు పాటల పుస్తకం పేజీలు తిప్పుతున్నారు, ఏ పేజీ దగ్గరా ఆగలేదు. పంతులమ్మ కాగితాలు బల్ల మీద పెట్టి, పక్క తలుపులోంచి బయటికి నడిచింది.

వెనకాల గాడిపొయ్యి మీద గుండిగలు వరసగా ఉన్నాయి. బట్టీ తాత ఉతికిన పంచె కట్టుకుని, పొడవాటి గరిటెతో నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి అంతా విన్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఎంత పని చేశావు తల్లీ" అన్నాడు. మెచ్చుకున్నాడో, భయపడ్డాడో ఆమెకు అర్థం కాలేదు.

"లోపలికెళ్లండి తాతా. మంట నేను చూస్తాను."

"వాళ్లు పిలిచారా?"

పంతులమ్మ లోపలికి చెవి పెట్టింది. ఎవరూ పిలవడం లేదు.

"వాళ్లు పిలవలేదు. నేను పిలుస్తున్నాను. మీ తాతని లేపినాయన మునిమనవరాలిని నేను. నేను పిలిస్తే చాలదా?"

తాత గరిటె వంక చూశాడు, గుండిగల వంక చూశాడు. "అన్నం అడుగంటితే ఊరందరికీ మాట పడాలి."

"నేను పడతాను."

తర్వాత గరిటె ఆమె చేతికిచ్చాడు. "ఈ చివర గుండిగకి గాలి ఎదురు. కట్టె ముందుకి తొయ్యకు, వెనక్కి లాగు. పొగ ఎక్కువైతే ఊదకు, ఒక కట్టె తీసెయ్. ఆ మూల దానికి ఇక నిప్పులు చాలు." తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, ముఖం కడుక్కుని, భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. వెళ్లబోతూ మళ్లీ వెనక్కి తిరిగి ఒక కట్టె సర్దాడు.

ఆయన చుట్టూ తిరిగి ముందు తలుపు వైపు వెళ్లాడు. పక్క తలుపులోంచి పోలేదు.

పంతులమ్మ చేతిలో గరిటె ఉంది గానీ దేన్నీ కలపడం లేదు. చెవులు రెండూ కిటికీలోనే ఉన్నాయి. మెట్ల మీద నిలబడ్డవాళ్లు గుసగుసలాడటం వినపడింది. తర్వాత గుసగుసలు కూడా ఆగిపోయాయి. ఆయన లోపలికి వెళ్లి ఉంటాడు. నడిచి ఉంటాడు. బెంచీ దగ్గర ఆగి ఉంటాడు. పూలకుండీ ఉంది దాని మీద. ఆయన దాన్ని ముట్టుకోడు. ఎవరైనా తీస్తే తప్ప కూర్చోడు. ఎవరూ తియ్యడం లేదు. పెద్దాయన్ని తీసుకెళ్లి జనం మధ్యలో నిలబెట్టానా అనుకుంది. కిటికీ బయట కూర్చున్నన్నాళ్లూ ఆయనకు లేని అవమానం తన చేతుల మీదుగా జరుగుతోందా అనుకుంది.

అప్పుడు లోపల ఆడవాళ్ల వరసలోంచి నాన్నమ్మ గొంతు ఊరంతటికీ వినపడేలా లేచింది.

"ఏమయ్యా, ఎంతసేపు నిలబడతావు? కూర్చో! ఆ పూలకుండీ తీసి కింద పెట్టండెవరైనా! నేను లేవలేను గానీ లేకపోతే నేనే తీద్దును!"

మట్టి కుండీ నేలకు ఆనిన చప్పుడు. ఎవరు తీశారో తెలియదు. ఆ వెంటనే చెక్క కిర్రుమంది. సన్నటి చప్పుడే, అయినా బయటికి వినపడింది.

ఊపిరి తీసుకుందామనుకునేలోపు ఇంకో చప్పుడు మొదలైంది. బెంచీలు వెనక్కి జరుగుతున్నాయి. ఒకటి, ఇంకొకటి. చెప్పులు వెతుక్కుంటున్నారు. ముందు తలుపులోంచి కొంతమంది మాట్లాడుకోకుండా బయటికొచ్చి మిట్ట దిగుతున్నారు. వాళ్లలో మిషనత్త ఉంది. తల తిప్పి పొయ్యిల వైపు చూసింది, పంతులమ్మ కంటపడగానే చూపు దించుకుని వెళ్లిపోయింది. లోపల మిగిలినవాళ్లు ఎందరో, ఎవరెవరో ఆమెకు తెలియదు. పాట మొదలైంది. పాస్టరుగారి గొంతు సన్నగా ఉంది. దాని కింద ముసలి గొంతు ఒకటి, ఇన్నాళ్లూ కిటికీ బయటి నుంచి వినిపించిన గొంతు, ఇప్పుడు లోపలి నుంచి వస్తోంది.

చర్చి మూల తిరిగి ఎవరో వస్తున్నారు. నాన్న.

ఆయన పొయ్యిలకు కాస్త దూరంలో ఆగిపోయాడు. కొత్త చొక్కా, పైజేబులో పెన్ను. ముఖం నల్లబడి ఉంది. లోపలి నుంచి వచ్చేశాడు, మిట్ట దిగి ఇంటికి పోలేదు. ఆయన ఎక్కడికి పోవాలో ఆయనకే తెలియనట్టుంది. పంతులమ్మ ఏదైనా అంటాడని చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన కప్పు మీది పెంకులకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ పెంకులన్నీ నల్లగా, నాచు పట్టి ఉన్నాయి.

"నాన్నా..."

"నాతో మాట్లాడకు" అన్నాడు ఆయన. ఆమెకు వీపు చూపించి తిరిగాడు. లోపల పాట రెండో చరణంలోకి వచ్చింది. ముసలి గొంతు చరణం చివర కొంచెం ఆగి, మళ్లీ అందుకుంది.

కొంతసేపటికి ఆయన తల తిప్పకుండానే అన్నాడు.

"చివర గుండిగ కింద మంట పడిపోతోంది. చూడు."

పంతులమ్మ వంగి కట్టె వెనక్కి లాగింది. పొగ కళ్లలో పడింది. తెల్ల చీర నిండా మసి. నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.